ఆరాధించమని అడిగిన అమ్మాయి

నన్ను ప్రేమించమని అడిగే ఆడపిల్లల్ని కథల్లో చాలామందిని చూశాం. మీజాంగ్ అలా అడగదు. పక్కింట్లో ఒంటరిగా ఉంటూ, పగలు తన తండ్రి దగ్గర పనిచేసి, రాత్రయితే సీసా ముందు పెట్టుకుని కూర్చునే ఒక మనిషి దగ్గరికి వెళ్తుంది. తాను ఎప్పుడూ నిండుగా లేనని, ఒక్కసారైనా నిండాలని ఉందని చెబుతుంది. అందుకు ప్రేమ చాలదు, నన్ను ఆరాధించు అంటుంది. అతని పూర్తి పేరు కూడా ఆమెకు తెలియదు. ఇంటిపేరు గు అని మాత్రం తెలుసు. అప్పటిదాకా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నదీ లేదు.

'మై లిబరేషన్ నోట్స్' అనే కొరియన్ ధారావాహిక రెండో భాగం చివర వచ్చే ఘట్టమిది. 2022 ఏప్రిల్, మే నెలల్లో దక్షిణ కొరియాలో జేటీబీసీ చానెల్‌లో ప్రసారమైంది. నెట్‌ఫ్లిక్స్ ద్వారా మన ఇళ్లకూ వచ్చింది. మొత్తం 16 భాగాలు, ఒక్కోటి గంటకు పైనే. రాసింది పార్క్ హేయాంగ్, తీసింది కిమ్ సొక్‌యున్. మీజాంగ్‌గా కిమ్ జీవన్, గుగా సన్ సుక్కు నటించారు. అక్కడి టీవీ లెక్కల్లో మొదటి భాగానికి 3 శాతం కూడా రాలేదు. చివరి భాగానికి 6 శాతం దాటింది. కథే కాదు, దాని ప్రేక్షకులూ నిదానంగానే దగ్గరకొచ్చారు.

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. మా అమ్మాయి చెబితే చూడడం మొదలుపెట్టాను. కావ్యం ఎలా చదువుతానో ఇదీ అలాగే చూశాను. ఆపాను, వెనక్కి తిప్పాను, కాగితం మీద రాసుకున్నాను. ప్రేమకథ చాలా బాగుందని, మరీ సాగదీశారని రెండు రకాల మాటలూ విన్నాను. రెండింటిలోనూ నిజముంది. కానీ నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. మనిషిని మనిషి ఆరాధించవచ్చా? ఆ పనికి ఇంత నిదానం ఎందుకు కావలసి వచ్చింది?

ఈ ప్రశ్న మన దగ్గర పాతదే. నారద భక్తి సూత్రాలు 84. రెండో సూత్రమే భక్తిని పరమప్రేమ అంటుంది. ఏడో సూత్రం కోరిక ఉన్నచోట అది ఉండదంటుంది. ఇరవై ఒకటో సూత్రం వ్రజగోపికల్ని ఉదాహరణగా చూపిస్తుంది. వెంటనే నారదుడు ఒక హెచ్చరిక చేస్తాడు. ఆ గోపికలు కూడా తాము ప్రేమిస్తున్నవాడి మాహాత్మ్యాన్ని మరిచిపోలేదట. ఆ ఎరుక లేకపోతే అది జారుల ప్రేమలాంటిదే అవుతుందట. జారుల ప్రేమలో లేనిదేమిటో కూడా ఇరవై నాలుగో సూత్రం చెబుతుంది. ఎదుటివాడి సుఖమే తన సుఖం కావడం అందులో లేదు. క్లాసులో ఈ నాలుగు సూత్రాలూ చెప్పినప్పుడు, మాహాత్మ్యం ఉన్నది దేవుడికే కనుక ఆరాధన కూడా ఆయనకే చెల్లుతుందని పిల్లలు తేలిగ్గా తేల్చేసేవారు. మరి ఏ మాహాత్మ్యమూ లేని మనిషి, తాగి నిద్రపోయే మనిషి, అప్పుల్లో ఉన్న మామూలు ఉద్యోగిని, వీళ్ల మధ్య మాటేమిటి?

మీజాంగ్ అప్పుల్లోనే ఉంది. పాత స్నేహితుడి కోసం తన పేరున బ్యాంకులో అప్పు తీసుకుంది. అతను కట్టకుండా తప్పించుకున్నాడు. బ్యాంకు ఉత్తరం ఇంటికొస్తే నాన్న చూస్తాడని భయపడి, ఆ ఉత్తరాలు మీ అడ్రసుకు తెప్పించుకోవచ్చా అని పక్కింటి గుని అడుగుతుంది. ఆమె మొదట అతని దగ్గరికి వెళ్లింది ఈ పని మీద. ఆరాధన మాట ఆ తరువాత వస్తుంది. అతను బిత్తరపోతాడు. కొన్నాళ్లకు, ఆరాధించడమంటే ఏం చేయాలని నిజంగానే అడుగుతాడు. నువ్వు ఏదైనా చేయగలవు, ఏదైనా కాగలవు అని మనసులో అండగా నిలవడమేనని ఆమె చెబుతుంది. మారమని అడగడం అందులో లేదు. తాగడం మానమని ఆమె ఒక్కసారి కూడా షరతు పెట్టదు.

ఈ అమ్మాయి మతం గురించి ఒకచోట మాట్లాడుతుంది. చిన్నప్పుడు చర్చిలో ప్రార్థనలో ఏం కావాలో రాయమంటే పిల్లలందరూ మార్కులు, స్నేహితులు, మంచి కాలేజీ రాశారట. ఇవేం కోరికలు అనిపించిందట ఆమెకు. తనకు తెలుసుకోవాలనిపించింది ఒక్కటే, నేనేమిటి, ఇక్కడెందుకు ఉన్నాను అని. తిరువణ్ణామలైలో రమణ మహర్షి దగ్గరికి వచ్చినవాళ్లకు ఆయన అప్పగించిన ప్రశ్న కూడా అదే. ఈ పిల్ల పెద్దయ్యాక సోల్‌లో ఒక క్రెడిట్ కార్డుల కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగానికి చేరింది. తాను గీసిన డిజైన్ల మీద పైఅధికారి ఎర్ర గీతలు పెట్టి తిప్పి పంపుతుంటే, ఎప్పుడూ చూడని ఒకరు తన పక్కన కూర్చున్నారని ఊహించుకుని ఆ పనిని ఓర్చుకుంటుంది. పేరూ రూపమూ లేని ఆ ఒకరి చోటులోకి తరవాత గు వస్తాడు. కథ మొదలవడానికి ముందే ఆమెలో భక్తి ఉంది, దేవుడి స్థానం ఖాళీగా ఉంది. ఈ ధారావాహికను మామూలు ప్రేమకథగా చూసినవాళ్లకు ఈ వరస అందదు.

ఇక నిదానం మాట. దశరూపకంలో ధనంజయుడు శృంగారాన్ని అయోగం, విప్రయోగం, సంభోగం అని మూడుగా విడదీశాడు. ఇద్దరూ ఇంకా కలవకముందు ఉండే ప్రేమ అయోగం. దానికి పది అవస్థలు చెప్పాడు. అభిలాషతో మొదలై, చింత, స్మృతి మీదుగా ఉన్మాదం, జ్వరం దాకా పెరుగుతుంది. ఈ కాలంలో నిదానంగా సాగే ప్రేమకథలన్నీ పదో శతాబ్దపు ఆ లెక్కలోవే. చూపు, చేయి తగలడం, అపార్థం, ఎడబాటు, ఒక్కో మెట్టూ వేడి పెంచుతూ పోతాయి. ప్రేక్షకుడు ఎప్పుడెప్పుడా అని కూర్చుంటాడు. పార్క్ హేయాంగ్ అదే నిడివి తీసుకుని ఆ మెట్లు ఎక్కనివ్వదు. మీజాంగ్, గు కలిసి చేసేవి చూడండి. పొలంలో ఒకే గట్టు మీద పనిచేస్తారు. అన్నం తింటారు. రోడ్డు మీద నడుస్తారు. ఒకరోజు గాలికి ఆమె టోపీ ఎగిరి వెడల్పాటి కాలువ అవతల పడుతుంది. అతను వెనక్కి వెళ్లి, పరుగెత్తుకొచ్చి ఒక్క దూకుతో దాటి తెచ్చిస్తాడు. ఆ ఇంటివాళ్లందరూ నోరు తెరుచుకుని చూస్తారు. అంతకు మించిన ప్రేమ ప్రకటన ఎక్కడా లేదు. అది కూడా మాటల్లో లేదు.

జ్వరం పెరగకుండా కాలం గడిచినప్పుడు ఎదుటి మనిషి కనిపించడం మొదలవుతుంది. ఈ ధారావాహిక బలం నాకు అక్కడుంది. ఆశ ఎక్కువగా ఉన్నప్పుడు మనం మనిషిని చూడం, మనకు కావలసింది అతనిలో ఉందా అని వెతుకుతాం. ఒక మనిషిని ఏమీ అడగకుండా చూడడానికి నెలలు పడుతుంది, ఒకోసారి ఏళ్లు పడుతుంది. పదహారు గంటలకు పైగా సాగే సినిమాలాంటి వస్తువుకే ఆ వీలుంది. రెండున్నర గంటల్లో కుదరదు. మాహాత్మ్యజ్ఞానం లేకపోయినా, ఎదుటివాడి సుఖమే తన సుఖం కావడం ఈ ఇద్దరికీ కొంత అలవడుతుంది. నారదుడు వేరువేరుగా చెప్పిన రెండు సూత్రాల మధ్య సన్నని దారి ఒకటి ఉందని ఈ రచయిత్రి చూపించింది. పెద్దమాటే అంటున్నాను, తెలిసే అంటున్నాను.

ఆ నిదానాన్ని మోసేది ఊరు, రైలు. వాళ్లది సాన్‌పో అనే కల్పిత గ్రామం, సోల్ చుట్టూ ఉండే గ్యాంగీ రాష్ట్రంలో. ముగ్గురు తోబుట్టువులు, గీజాంగ్, చాంగ్‌హీ, మీజాంగ్, రోజూ సోల్ వెళ్లి రావాలి. గుడ్డులో సోల్ పచ్చసొన, గ్యాంగీ దాని చుట్టూ ఉండే తెల్లసొన అని స్నేహితురాలు తనతో అన్న మాటను చాంగ్‌హీ కడుపులో పెట్టుకుని తిరుగుతాడు. రాత్రి ఆఖరి బండి తప్పితే టాక్సీ డబ్బులకు ముగ్గురూ ఒకచోట కలుసుకోవాలి. నేను తెనాలి నుంచి విజయవాడకు ప్యాసింజరు బండిలో ఉద్యోగానికి తిరిగినదాన్ని. దుగ్గిరాల దాటాక కిటికీ పక్కన తల ఆనించి, కృష్ణ వంతెన మీద బండి ఆగిపోతే సంతకం పుస్తకం గురించి బెంగపడుతూ కూర్చున్నదాన్ని. అలా రోజుకు నాలుగు గంటలు బతుకులోంచి జారిపోతుంటే మనిషి లోపల ఏం జరుగుతుందో ఈ ధారావాహిక తొందరపడకుండా చూపించింది. ఆ దృశ్యాలను సాగదీత అన్నవాళ్లతో నేను ఒప్పుకోను.

మీజాంగ్ కంపెనీలో ఉద్యోగులందరూ ఏదో ఒక క్లబ్బులో చేరాలి. ఆమెతో కలిపి, చేరని ముగ్గురు ఉద్యోగుల్ని పదే పదే పిలిచి అడుగుతుంటే వాళ్లే ఒక క్లబ్బు పెట్టుకుంటారు. దాని పేరు విముక్తి క్లబ్బు. మూడే నియమాలు. సంతోషంగా ఉన్నట్టు నటించకూడదు. దుఃఖంలో ఉన్నట్టు నటించకూడదు. తనను తాను నిజాయితీగా చూసుకోవాలి. వీటికి తోడు, సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు. ముగ్గురూ ఒకరికెదురుగా ఒకరు కాకుండా పక్కపక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తూ మాట్లాడుకుంటారు. ఏ గురువూ లేడు, ఏ దేవుడూ లేడు. అయినా అది సత్సంగమే అనిపించింది నాకు. సలహా ఇవ్వకపోవడం ఎంత కష్టమో పాఠాలు చెప్పి బతికినదాన్ని కనుక నాకు తెలుసు.

ఇంత మెచ్చుకున్నాక, నాకు మింగుడుపడనివీ చెప్పాలి. గు పాత జీవితం సోల్‌లోని మందు క్లబ్బుల లోకం. అతను అక్కడికి తిరిగి వెళ్లాక వచ్చే దృశ్యాలు దాదాపు ఒకటే. లెక్కలు, బెదిరింపులు, డబ్బు దొంగిలించే మనిషి, మళ్లీ సీసా. మొదటిసారి చూసినప్పుడు కలిగిన బరువు మూడోసారికి రాదు. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో రసానికి అడ్డుపడే దోషాలు చెబుతూ, పూర్తిగా పండిన రసాన్ని మళ్లీ మళ్లీ రగిలించడం కూడా వాటిలో చేర్చాడు. తరవాత మమ్మటుడు దానికి కుమారసంభవంలోని రతివిలాపాన్నే ఉదాహరణగా చూపాడు. కాళిదాసునే వదలని కొలత ఇది. పెద్దక్క గీజాంగ్, థేహున్‌ల కథకూ ఇదే దోషం ఉంది. భార్య వదిలేసి వెళ్లాక కూతుర్ని పెంచుకుంటున్న థేహున్ మంచివాడు, గీజాంగ్ నిజాయితీగల మనిషి. కానీ వాళ్లు ఒకే మెట్టు మీద చాలాసేపు నిలబడిపోయారు.

మన ధారావాహికల ఆలస్యం వేరే రకం. 'కార్తీకదీపం' 2017 నుంచి 2023 దాకా నడిచింది. డాక్టరు భార్యను అనుమానించడం, మోనిత అనే మరో స్త్రీ పన్నాగాలు, నిజం బయటపడబోయి ఆగిపోవడం. వంటలక్క అని అందరూ పిలిచే ఆ భార్య ఓర్పును లక్షల ఇళ్లు తమ ఇంటి ఓర్పుగా ప్రేమించాయి. ఆ ప్రేమను నేను తక్కువ చేయను, మా వీధిలో సాయంత్రాలు చూసినదాన్ని. కానీ అక్కడ ఇద్దర్నీ విడదీసి ఉంచింది బయటి అడ్డంకి. ఒక పరీక్ష రిపోర్టు, ఒక అబద్ధం తొలగితే కథ అయిపోతుంది. సాన్‌పోలో అడ్డంకి ఏదీ లేదు. ఇద్దరి మధ్య దూరం వాళ్లలోపలిది. అలాంటి దూరానికే కాలం అవసరం. రచయిత్రి కూడా మధ్యలో మందు క్లబ్బుల కథ వైపు వెళ్లి బయటి అడ్డంకిని ఆశ్రయించినప్పుడే బలహీనపడింది.

నాకు అసలు అభ్యంతరం ఇంకొకటుంది, అది ధర్మానికి సంబంధించింది. మా మేనత్త భర్త తాగేవాడు. ఆమె ప్రతి రాత్రీ అన్నం వడ్డించి మూత పెట్టి, ఆయన వచ్చేదాకా కూర్చునేది. నీ పుణ్యమే వాణ్ని మారుస్తుందని పెద్దవాళ్లు చెప్పేవారు. ఆమె నమ్మింది, ఏ షరతూ పెట్టలేదు, ఎదురు మాట్లాడలేదు. ఆయన మారలేదు. ఆమె అరవై దాటకుండానే పోయింది. షరతుల్లేని ప్రేమ అని ఎవరైనా అంటే నాకు ఆ మూతపెట్టిన కంచం గుర్తొస్తుంది. అందుకే మీజాంగ్ ఆరాధన గురించి వింటున్నప్పుడు నా మనసు ఒప్పుకుంటూనే వెనక్కి లాగింది.

రచయిత్రి ఈ ప్రశ్నను ఎలా దాటిందో చూడండి. గు వెళ్లిపోతాడు. కథ కొన్నేళ్లు ముందుకు దూకుతుంది. అతను మరీ ఎక్కువగా తాగిన ఆ ఏళ్లలో మీజాంగ్ అతని పక్కన లేదు. వాంతులు కడగలేదు, అప్పులవాళ్లకు జవాబు చెప్పలేదు. మళ్లీ కలిసేటప్పటికి ఇద్దరూ అలసిపోయి, మెత్తబడి ఉన్నారు. ఒక చూపుకు, ఒక నడకకు పదినిమిషాలు కేటాయించిన ధారావాహిక, ఆరాధనకు నిజమైన పరీక్ష అయిన రోజువారీ కాపురాన్ని మాత్రం ఒక్క గెంతులో దాటేసింది. నిదానం ప్రేమ పుట్టడానికే తప్ప ప్రేమను మోయడానికి లేకపోయింది. దీన్ని చిన్న లోపంగా నేను చూడలేను. ఆరాధనలో ఎదుటివాణ్ని మార్చాలన్న కోరిక ఉండకూడదన్నది నిజమే. ఆరాధించేవాడు అరిగిపోకూడదన్నదీ అంతే నిజం. దేవుణ్ని ఆరాధించినవాళ్లు అరిగిపోరు, ఎందుకంటే అక్కడ తీసుకునేవాడు నిండుగా ఉన్నాడు. మనిషి నిండుగా లేడు. మాహాత్మ్యజ్ఞానం ఉండాలని నారదుడు ఎందుకు పట్టుబట్టాడో నాకు ఇక్కడ అర్థమైంది.

ఆ ఇంటి తల్లి వైపు చూస్తే ఇది ఇంకా స్పష్టం. పొలం పని, భర్త సింకులు చేసే షెడ్డులో పని, మూడు పూటలా వంట. ముగ్గురు పిల్లలూ విముక్తి గురించి ఆలోచిస్తుంటే ఆమెకు ఆలోచించే తీరికే లేదు. ఒకరోజు పొయ్యి మీద అన్నం పెట్టి, కాసేపు పడుకుంటానని గదిలోకి వెళ్లి, అక్కడే పోతుంది. సంగీతం లేదు, చివరి మాటలు లేవు. నేను చూసిన టీవీ మరణాల్లో ఇంత నిజమైనది లేదు. ఆమెను ఎవరూ ఆరాధించలేదు. ఆమె పోయాక ఆ ఇల్లు ఎలా కూలిపోయిందో, అన్నం వండడానికి కూడా మనిషి లేక తండ్రి ఎలా నిలబడిపోయాడో ధారావాహిక దాచకుండా చూపించింది. రచయిత్రికి ఈ సంగతి తెలుసు. అయినా మీజాంగ్ కథకు, తల్లి కథకు మధ్య ఉన్న ముడిని ఆమె విప్పలేదు. ఒక తరం ఆడది షరతుల్లేకుండా ఇచ్చి ఇచ్చి చనిపోయిన ఇంట్లోనే, తరవాతి తరం ఆడది షరతుల్లేని ఆరాధనను విముక్తి అంటోంది. ఆ మాట ఒక్కసారి ఎవరైనా పైకి అని ఉంటే బాగుండేది.

ఈ కథలో నాకు జవాబు దొరికింది నాయకానాయికల దగ్గర కాదు, చాంగ్‌హీ దగ్గర. అరుస్తూ, గొణుగుతూ, కారు కోసం కలలు కనే ఆ అన్న, తాతా నానమ్మల దగ్గరా తల్లి దగ్గరా ఆఖరి ఘడియల్లో ఉన్నది తానేనని గుర్తిస్తాడు. తరవాత చనిపోతున్న ఒక పరిచయస్తుడి పక్కన, డబ్బులొచ్చే వ్యాపార అవకాశాన్ని వదులుకుని కూర్చుంటాడు. అది ఎవరికీ చెప్పడు. చివరి భాగంలో ఒక క్లాసు అనుకుని పొరపాటున వేరే గదిలోకి వెళ్తాడు. అది అంత్యక్రియలు నిర్వహించే పని నేర్పే తరగతి. లేచి వెళ్లబోయి, కూర్చుండిపోతాడు. ఎదుటివాడి నుంచి ఏదీ తిరిగి రాని చోట, అతను మారే అవకాశమే లేని చోట, కొద్దిసేపు పక్కన ఉండడం. అక్కడ ఇచ్చేదానికి హద్దు ఉంది, కనుక అతను అరిగిపోడు. కోరిక లేదు, కనుక అది జారుల ప్రేమా కాదు.

గుకి మీజాంగ్ చివర ఇచ్చిన మాటా అలాంటిదే. రోజూ పొద్దున లేవగానే మనసులోకి వచ్చి కోపం తెప్పించే మనుషుల్ని నవ్వుతూ ఆహ్వానించమంటుంది. ఆ రోజు అతను చేతిలో ఉన్న మందు సీసాను రోడ్డు పక్కన ఉన్న ఒక మనిషికి ఇచ్చేసి ముందుకు నడుస్తాడు. జారిపడిన 500 వోన్ల నాణెం మురుగు కాలువ చట్రం మీద ఆగి దొరుకుతుంది. మారిపోయాడని ఎక్కడా చెప్పరు. రేపు మళ్లీ తాగవచ్చు. మీజాంగ్ తన రోజులో ఏడు సెకన్ల సంతోషాలను ఒక్కొక్కటీ ఏరుకుని ఐదు నిమిషాలు చేసుకోవడం నేర్చుకుంది. తలుపు తెరిచి పట్టుకుంటే థాంక్స్ చెప్పిన పిల్లవాడి దగ్గర ఏడు సెకన్లు. ఆమెను నిలబెట్టింది గు ఆరాధన కన్నా ఇదే ఎక్కువని నా నమ్మకం.

మనిషిని మనిషి ఆరాధించవచ్చు. కానీ అది ఇద్దరి నుంచీ రావాలి, ఇద్దరికీ తమ చుట్టూ గీసుకున్న గీత ఒకటి ఉండాలి. ఒకరే చేస్తే అది మా మేనత్త జీవితం అవుతుంది. ఈ ధారావాహిక మొదటి సగం ఈ సంగతిని నేను చదివిన చాలా వ్యాఖ్యానాల కన్నా బాగా చెప్పింది, రెండో సగం దాని ఖరీదు చెప్పకుండా తప్పుకుంది. ఇంట్లో ఆడపిల్లలతో కలిసి చూస్తున్నవాళ్లకు నాదొక మనవి. రెండో భాగంలో ఆరాధించమని అడిగే ఘట్టం దగ్గర కాదు, తల్లి అన్నం పొయ్యి మీద పెట్టి గదిలోకి వెళ్లిన ఘట్టం దగ్గర టీవీ ఆపి, వాళ్లతో మాట్లాడండి.